ఇదేం బొమ్మండీ?

నైరూప్య చిత్రాల ప్రదర్శనకు వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ఇదే. చెట్టో చేపో తేలకపోతే చిరాకు. ఇది మన కళ కాదు, ప్యారిస్ వాళ్లదని తీర్పూ ఇచ్చేస్తారు.

ఆ ప్యారిస్‌లో పాఠాలు చెప్పినాయన మన సీమవాడే! చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివారు. ప్యారిస్‌లో హేటర్ స్థాపించిన 'అటెలియే 17' ప్రింట్ల కార్ఖానాలో చేరి, తర్వాత దాన్ని నడపడంలోనూ భాగస్వామి అయ్యారు.

రంగుల ప్రింటుకు సాధారణంగా రంగుకో పలక కావాలి. ఆయనా, సహచరులూ ఒక్క పలకతోనే అన్ని రంగులూ తెచ్చారు. కిటుకంతా నూనెలోనే. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి రంగు మీద చిక్కటి రంగు అంటుకోదు. గట్టి రోలరు మిట్టల మీద, మెత్తటి రోలరు పల్లాల్లో రంగు పూస్తాయి. 1963 నాటి ఆయన 'సుడిగుండం'లో నీటి ఆకారం కన్నా నీటి తిరుగుడే కనిపిస్తుంది. 1972లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

కర్నూలు జిల్లా కేతవరం, కడప జిల్లా చింతకుంట బండల మీద వేల ఏళ్ల నాటి బొమ్మలున్నాయి. వాటిని చూడాలంటే మనమే వెళ్లాలి, రాయి కదలదు. కాగితం అలా కాదు. ఒకే పలక నుంచి ఎన్నో ప్రతులు తీయొచ్చు, చుట్టి బస్సెక్కించొచ్చు. మహానగరాల్లో బృంద ప్రదర్శనలు పెట్టేవాళ్లు ఓ వారం కర్నూలు, కడప కాలేజీ హాళ్లకూ రండి. 'ఇదేం బొమ్మ?' అన్న పిల్లలే రెండో రోజు 'ఇదెలా వేశారు?' అంటారు. కళాకారుడు పుట్టేది ఆ రెండో ప్రశ్నలోనే!