సైతానుకు దక్కిన కీర్తి

రాబర్ట్ జాన్సన్ పేరెత్తితే చాలు, మన సంగీతాభిమాన మిత్రులు కళ్ళు పెద్దవి చేసుకుని ఒక కథ చెబుతారు. మిసిసిపీలో అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్ముకుని, బదులుగా గిటారు విద్య పుచ్చుకున్నాడట! కథ బాగానే ఉంది. నాకు మాత్రం వినగానే ఒళ్ళు మండుతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1911లో పుట్టిన ఈ నల్లజాతి కుర్రవాడు మొదట్లో గిటారు పడితే జనం విసుక్కునేవారని, పెద్ద బ్లూస్ గాయకుడు సన్ హౌస్ స్వయంగా చెప్పాడు. కొంతకాలం కనబడకుండా పోయి తిరిగొస్తే, ఆ హౌసే నోరు వెళ్ళబెట్టాడు. మరి మధ్యలో ఏం జరిగింది? ఐక్ జిమ్మర్‌మన్ అనే గురువు దొరికాడు. ఇద్దరూ రాత్రిళ్ళు శ్మశానంలో సమాధుల దగ్గర కూర్చుని సాధన చేసేవారని ఆ గురువుగారి కుటుంబం చెప్పింది. అక్కడైతే గోలగా ఉందని కసిరేవాళ్ళు ఉండరు గదా! పైగా ఆ కూడలి కథ అసలు టామీ జాన్సన్ అనే మరో గాయకుడిది. ఇంటిపేరు కలిసింది గనక కాబోలు, ఇతనికి అంటుకుంది.

పాగనీనీకీ ఇలాంటి కథే కట్టారు గదా అంటారేమో. నిజమే. కాని పాగనీనీ బతికుండగానే యూరపు రాజధానుల్లో చప్పట్లూ చూశాడు, డబ్బూ చూశాడు. జాన్సన్‌కు దక్కిందేమిటి? 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో రికార్డు చేసిన 29 పాటలు. 1938 ఆగస్టు 16న, 27 ఏళ్ళకే పోయాడు. మరణపత్రంలో కారణం రాయవలసిన చోట "డాక్టరు లేడు" అని ఉంది! ఆ డిసెంబరులో కార్నెగీ హాలు కచేరీకి జాన్ హామండ్ పిలవబోతే మనిషే లేడు. రికార్డులు వేసి వినిపించారు.

చేతి పనితనాన్ని, రాత్రుల నిద్రను ధారపోసినవాడి శ్రమను తీసుకెళ్ళి సైతాను ఖాతాలో జమ కట్టడం ఏం న్యాయం? 1961లో ఆ పాటలు ఎల్.పి.గా వచ్చాక ఇంగ్లండు కుర్రాళ్ళకు పిచ్చెక్కింది. ఎరిక్ క్లాప్టన్ సంగతి అందరికీ తెలిసిందే. కీత్ రిచర్డ్స్ అయితే మొదటిసారి విని, పక్కన వాయిస్తున్న రెండో మనిషెవరని అడిగాడు. రెండో మనిషి లేడు. బొటనవేలు మంద్రం నడుపుతుంటే మిగతా వేళ్ళు పై తీగల మీద పాట పలికిస్తున్నాయి, అంతే. 1990లో వచ్చిన సెట్టు అట్టమీద ఆయన ఫోటో ఉంది. సూటూ టోపీ సరే, ఆ వేళ్ళు చూడండి, ఎంత పొడుగో!