మెడబిళ్ళ కోసి పరీక్షించిన పిదప

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టినదని మన పెద్దలందురు. ఆ బిళ్ళ క్రొత్తగా పుట్టినది కాదు. మన దేహమునందు ఇట్టి చిన్న గ్రంథులు వందలకొలది యున్నవి. మెడ, చంక, గజ్జ యను తావులందు అవి చేతికి దొరకును. లోనికి వచ్చిన సూక్ష్మజీవులను అడ్డగించి యెదిరించుట వాని పని. ఆ పోరాటమున అవి యుబ్బును. పుండు మానినచో సాధారణముగా బిళ్ళయు తగ్గును. మూడు నాలుగు వారములు దాటినను తగ్గకున్నను, పెరుగుచున్నను, రాయివలె గట్టిపడినను, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట దానికి తోడైనను వైద్యునకు చూపక తీరదు. నొప్పి లేదుగదా యని పమిటచాటున దాచుకొను స్త్రీలు మనలో పెక్కుమంది కలరు. నొప్పి లేకుండుట మంచి గురుతని యెవరు చెప్పిరో నాకు తెలియదు.

సుశ్రుతసంహిత నిదానస్థానమున గ్రంథి, అపచి, అర్బుదము, గలగండము అనువానిని ఒక్క అధ్యాయముననే చెప్పియున్నారు. పైకి ఒక్కతీరున నగపడు వానిని వేరుపరచుట ప్రాచీనులకును సులభము కాలేదని నాకు తోచును. నేటి వైద్యులకును వ్రేలితో తాకి చూచుట చాలదు. క్షయయా, రాచపుండా, వట్టి వాపా యని తేల్చుటకు గ్రంథిలోని పదార్థమునే పరీక్షింపవలయును. మొదట సన్నని సూదితో కొంత తీసి చూచెదరు. అది చాలనపుడు మత్తిచ్చి గ్రంథిని కోసి తీయుదురు. దీనినే బయాప్సీ యందురు. కత్తి తగిలినచో వ్యాధి ఒడలెల్ల ప్రాకునను భయము మన యిండ్లలో మిక్కుటము. ఆ భయముతో నెలలు గడుపుటవలననే హాని యెక్కువ.

కోతకు ముందే అడుగవలసిన మాట యొకటి కలదు. తీసిన గ్రంథినంతయు ఫార్మలిన్‌లో వేసినచో సూక్ష్మదర్శినితో చూచుటకు వీలగును గాని, క్షయక్రిమిని పెంచి యే మందునకు లొంగునో తెలిసికొనుటకు వీలుపడదు. మా యెరుకలోని యొకామె విషయమున నొక వైద్యశాలలో అట్లే జరిగి, రెండవసారి కోత తప్పలేదు. కావున కొంత ముక్కను ఉప్పునీటి సీసాలో వేరుగా పంపుదురా యని ముందుగనే యడుగుడు. సిగ్గుపడనక్కరలేదు.

నిరుడు మా పినతల్లి కుమార్తెకు మెడయందు ఈ చికిత్స జరిగినపుడు పది దినములు నేను తోడుంటిని. ఆమెకు చంటిబిడ్డ కలదు. రెండవ దినముననే కుట్లపై మంగళసూత్రపు త్రాడు రాచుకొనజొచ్చెను. తీయుటకు అత్తగారు ఒప్పుకొనరైరి. ఆస్పత్రి నర్సమ్మ త్రాడును పొడిగించి, రెండవ ప్రక్కకు జరిపి, రవికకు పిన్నీసుతో పట్టించి తగవు తీర్చెను. రెండు దిండ్లపై తల యెత్తుగా నుంచి పరుండినచో వాపు తగ్గునని చెప్పినదియు ఆమెయే. మొదటి రెండు దినములు కట్టు తడుపరాదు. తలస్నానము వైద్యుడు చెప్పువరకు మానవలయును. మెడ కుట్లు అయిదారు దినములకు తీయుదురు. చంక, గజ్జలలోనివి పది దినములు దాటి యుంచుదురు. చంకలో కోసినవారు బిందె యెత్తరాదు, రుబ్బురోలు ముట్టరాదు. ముందు గుండీలుగల వదులు రవిక తొడుగుకొనుట మేలు.

పథ్యము మాట చెప్పవలయును. పప్పు పెట్టినచో చీము పట్టునని ఆమెను మూడు దినములు చారన్నముతో నుంచిరి. చీము పట్టించునవి సూక్ష్మజీవులు గాని కందిపప్పు గాదు. పుండు పూడుటకు మాంసకృత్తులు కావలయును. పప్పు, పాలు, పెరుగు, తినువారికి గ్రుడ్డు నిరభ్యంతరముగా పెట్టవచ్చును. పసుపు, కాఫీపొడి మాత్రము గాయముమీద నద్దరాదు.

గాయముచుట్టును కొంత తిమ్మిరి యుండుట, లోపల నీరు చేరి మెత్తని వాపు కనబడుట కలదు. చూపినచో వైద్యుడు తగిన యుపాయము చేయును. చెవితమ్మె మొద్దుబారుట కొన్ని నెలలకు తగ్గవచ్చును. కాని చేయి పైకెత్తలేకపోయినను, భుజము జారినట్లున్నను ఉపేక్షింపరాదు. మెడప్రక్కగా భుజమునకు పోవు నరము దెబ్బతిని యుండవచ్చును. ఎఱ్ఱదనము, చీము, జ్వరము కనబడిన దినముననే పోవలయును. మెడ త్వరగా ఉబ్బి ఊపిరి కష్టమైనచో తెల్లవారువరకు ఆగరాదు.

ఇక ఫలితమునకై వేచియుండుట. గాయముకంటె నిదియే ఎక్కువ బాధ. క్షయక్రిమిని వెదకు సీబీనాట్ యంత్రము రెండు గంటలలో చెప్పగలదు. సూక్ష్మదర్శిని పరీక్షకు వారము పట్టవచ్చును. క్రిమిని పెంచి చూచుటకు ఆరు వారములవరకు కావచ్చును. ఒక రాత్రి ఆమె, "అక్కా! రాచపుండైనచో ఈ బిడ్డ నెవరి చేతిలో పెట్టుదును?" అని యడిగెను. ఏమియు కాదనుటకు నాకు నోరు రాలేదు. "తెలిసినపిదప మాటలాడుకొందము. ఇప్పుడు బిడ్డకు పాలిమ్ము" అంటిని.

క్షయయని తేలినది. అప్పుడు రెండవ కష్టము మొదలయ్యెను. అత్తగారు కంచము వేరుచేసి, బిడ్డను తన గదిలోనికి తీసికొనిపోయిరి. ఆమె చెడ్డది కాదు, మనుమనికై భయపడినది. మరునాడు వారిద్దరిని వైద్యుని యొద్దకు తోడ్కొనిపోతిమి. ఛాతి ఎక్స్‌రే తీయించి, కఫము పరీక్షించి, ఊపిరితిత్తులు శుభ్రముగా నున్నవని యాయన చెప్పెను. గ్రంథులకు మాత్రమే పట్టిన క్షయ దగ్గువలనగాని, కంచమువలనగాని అంటదు. మందులు తినుచు పాలీయవచ్చును. ఈ మాట కోడలు చెప్పినచో అత్తగారు వినియుండరు. వైద్యుడు తననే చూచి చెప్పుటచే వినిరి. బిడ్డ ఆ సాయంకాలమే తల్లి యొడికి చేరెను.

మందులు సాధారణముగా ఆరు నెలలు. ప్రభుత్వాస్పత్రులలో ఉచితముగా నిత్తురు. ఆహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలిచ్చుచుండిన పథకమున 2024 నవంబరునుండి 1000 రూపాయలు చేసిరి. మూత్రము నారింజరంగున వచ్చినచో అది రిఫాంపిసిన్ అను మందు రంగే. నడుమ నొక్కొకప్పుడు బిళ్ళ మరల ఉబ్బును, క్రొత్తది లేచుటయు కలదు. మందు పనిచేయలేదని తలచి మానుకొనక వైద్యునకు చూపవలయును. ఆరు నెలలు ముగిసినను చిన్న బిళ్ళ వ్రేలికి తగులుచుండవచ్చును. వైద్యుడు చూచి చాలునన్నపుడు మందు ఆపవచ్చును.