పిల్లల ముందర సెల్లో పెడితే సంస్కృతి పోతుందా?

మాది తమిళ మీడియం చదువు, రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో మాత్రం సర్దుకోము.

పోయిన మీటింగులో మేము ఒక మాట పెట్టినాము. ఉగాదికి డీజే వద్దు, బెంగళూరు నుంచి సెల్లో వాయించేవాళ్లను పిలిపించి పిల్లలను చుట్టూ కూర్చోబెడదామని. ఒకాయన "సెల్లో అంటే నీళ్ల బాటిలా?" అన్నాడు. మేమూ నవ్వినాము. తర్వాత వచ్చిన మాటకు నవ్వు రాలేదు. "పరాయి వాయిద్యం మన పిల్లలకెందుకు? మన సంస్కృతి ఏం కావాల?"

అయ్యా, వయొలిన్ ఎవరిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర నేర్చుకున్నది కదా! 1893లో బెంగళూరులో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అదే వయొలిన్ పట్టుకుని 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులైనారు, 1936లో ప్రిన్సిపాల్ అయినారు. మైసూరు చౌడయ్యగారు దానికి ఏడు తీగలు వేసుకున్నారు. ఈరోజు కచేరీలో వయొలిన్ లేకపోతే అడిగేది మీరే.

సెల్లో ఆ ఇంటిదే, పెద్దన్న వరస. నాలుగు తీగలు, మోకాళ్ల మధ్య ఆనించి కమానుతో వాయిస్తారు. డచ్చి దేశపు సాస్కియా రావు డి హాస్ దాన్ని నేలమీద కూర్చుని వాయించేటట్టు మార్పించుకుని, ఢిల్లీలో ఉండి హిందుస్తానీ రాగాలు వాయిస్తున్నారు. ఆమెకు మన రాగం పరాయి కాలేదు, మనకు మాత్రం ఆమె వాయిద్యం పరాయి! తిరుమణి పొలాల్లో సోలార్ పలకలు దిగినప్పుడు ఇవి ఏ దేశానివని ఎవరూ అడగలేదు. డీజే పెట్టెలు ఏ వేదంలో ఉన్నాయో కూడా కొంచెం చెప్పండి.

ఇంకొకరు "పల్లె పిల్లలకు ఇదంతా ఎక్కుతుందా?" అన్నారు. ఈ మాట మాకు ఎక్కువ నొప్పి. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ సంగీత పాఠశాల వాళ్లు సన్‌షైన్ ఆర్కెస్ట్రా అని పెట్టి, పేదిళ్ల పిల్లలకు ఉచితంగా వయొలిన్, సెల్లో నేర్పిస్తున్నారు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, టీవీలో హిందీ మోసే మన పావగడ పిల్లలకు నాలుగు తీగలు బరువా?

పావగడలో సెల్లో నేర్పేవాళ్లు లేరన్నది నిజమే. ఒక్కరోజులో వాయించడం రాదు, మేమూ అట్లా చెప్పలేదు. పిల్లల కోసం సగం సైజు, పావు సైజు సెల్లోలు ఉంటాయి. (సగం అన్నది పేరుకే, నిజానికి సగం కంటే పెద్దదే.) దాన్ని ఎదకు ఆనించుకుని కమాను లాగితే ఆ అదురు పక్కటెముకల్లోకి దిగుతుంది. ఫోన్‌లో అది రాదు. అందుకే వాయించేవాళ్లను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపేటట్టయితే అసలు పిలవనే వద్దు. కింద చాప మీద కూర్చోవాల, ప్రతి పిల్లా తాకాల, ముందు వరసలో పెద్దమనుషుల కుర్చీలు ఉండకూడదు.

ఆదివారం మీటింగు ఉంది. కాదన్నవాళ్లే ముందు రండి. డీజేకి అడ్వాన్సు ఇంకా కట్టలేదు.