గిటారా? నడుమా?

వాద్యం అమ్ముకోవటమంటే పాడి ఆవును అమ్ముకున్నట్టే. ధర కుదిరినా మనసు కుదరదు. ఇలాటి విషయాల్లో ఎదుటివాడికి సలహా చెప్పటం సులువు. మనదాకా వస్తేనే తెలుస్తుంది. నాదాకా వచ్చింది.

పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రావారితో కలిసి 18 ఏళ్లుగా నేను వాయిస్తూ వచ్చింది లెస్ పాల్ నమూనా ఎలక్ట్రిక్ గిటారు. పచారీ కొట్లో కాటామీద పెడితే 4 కిలోల 600 గ్రాములు తూగింది. "ఓస్, ఇంతేనా!" అంటారేమో. అంత బరువున్న పసిపిల్లను ఎత్తుకుని నాలుగు గంటలు ఒకచోటే నిలబడి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ బరువుకు కారణం లేకపోలేదు. బోలుగా వుండే గిటారుకు విద్యుత్తు తగిలించి, పక్కన లౌడ్ స్పీకరు పెట్టి పెద్దగా వాయిస్తే, ఆ మోతకు గిటారు పొట్ట కూడా కంపించి కుయ్యిమని ఊళ వేస్తుంది. ఆ పీడ వదిలించుకోవటానికి అమెరికాలో లెస్ పాల్ అనే వాద్యకారుడు 1940 ప్రాంతాల్లో నాలుగంగుళాల పైన్ దుంగకే తీగలు బిగించాడు. మరీ దుంగలా కనబడకుండా అటూ ఇటూ గిటారు చెక్కలు అతికించాడు. 1952లో గిబ్సన్ కంపెనీ, మహాగని చెక్కమీద మేపుల్ చెక్క అతికించి, ఆయన పేరుతో ఒక గిటారును బజారులోకి తెచ్చింది. ఊళ పోయింది, బరువు మిగిలింది.

మన వీణ ఎంత బరువైనా నేలమీదా ఒడిలోనూ సర్దుకుంటుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు వాయించిందీ విద్యుత్ వాద్యమే. కాని అది చిన్నది. పైగా ఆయన బాసింపట్టు వేసుకుని వాయించేవారు. మా రిసెప్షన్లలో అది చెల్లదు. "మాస్టారూ, వీడియోలో పడాలి, నిలబడండి!" అంటారు.

డాక్టరుగారు పరీక్ష చేసి, "బరువంతా ఎడమ భుజాన పడుతోంది. ఒళ్లు ఆవైపు ఒరిగిపోకుండా రెండోవైపు నడుం కండరాలు లాగిపట్టుకోవాలి. గంటల తరబడి లాగితే అలిసిపోవూ?" అన్నారు. కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా వెంటనే రమ్మన్నారు. అవేమీ లేవు కనక మంచమెక్కకుండా రోజూ నడవమన్నారు.

వెడల్పాటి తోలుపట్టీ కొన్నాను. భుజంమీద కోత తగ్గింది. కాని పట్టీ బరువును పరుస్తుందే గాని తగ్గించదు కదా! నడుం సంగతి ఎప్పటిలాగే వుంది.

"ఏమండీ, గిటారు మళ్లీ కొనుక్కోవచ్చు. నడుం ఏ కొట్లో అమ్ముతారు?" అంది మా ఆవిడ.

నిజమే. కాని నా బెంగ వేరు. ఆ నిండైన నాదమంతా ఆ బరువులోనే వుందని మా వాద్యగాళ్ల నమ్మకం. తేలికది పుచ్చుకుంటే నా వాయింపు చప్పబడిపోతే? మర్నాడు పిలిచేదెవరు?

ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టాను. ఈ వాద్యంలో ధ్వనికి మూలం తీగల కిందవుండే పికప్పు. అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగితీగ. పైన ఉక్కుతీగ కదిలితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. స్పీకరుకు అందేది అదే. ఇందులో కలప వాటా ఎంత అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 1961లో అదే కంపెనీ జంటచుట్టల పికప్పులతోనే పలచటి చెక్కతో మరో నమూనా తెచ్చింది. దాన్నిప్పుడు ఎస్.జి. అంటారు. ఆ తరహాది ఒకటి మిత్రుడి దగ్గర ఎరువు తెచ్చాను. సరిగా 3 కిలోలు.

రిహార్సలు గదిలో తెర కట్టించి, రెండింటిమీదా ఒకే పాట వాయించి, ఏది ఏదో చెప్పమన్నాను. కీబోర్డాయన ఒకటన్నాడు. డ్రమ్స్ కుర్రాడు ఇంకొకటన్నాడు. పాడే అమ్మాయి మాత్రం, "ఏదైతేనేం మాస్టారూ, రెండూ మీరే కదా!" అంది.

నెల్లాళ్లు తేలికదానితోనే వాయించాను. నొప్పి పూర్తిగా పోయిందనను. పొద్దున్నే వంగి చెప్పులు తొడుక్కోగలుగుతున్నాను. పిలుపులూ తగ్గలేదు. అప్పుడు అమ్మేశాను. మా బృందంలోనే 22 ఏళ్ల కుర్రాడు కొన్నాడు.

"బాబాయిగారూ, మీకు చూడాలనిపిస్తే ఇంటికి తెస్తాను" అన్నాడు.

"తేవద్దు నాయనా, వాయించు. నీ నడుం నొచ్చిన రోజున ఇంకొకడికివ్వు" అన్నాను. ఆ మాట అనటానికి గొంతు కాస్త పట్టుకున్న మాట వాస్తవం.

ఇదే చిక్కులో వున్నవారికి ఒక్క మాట. ముందు తూకం వేయించండి. వీలైనచోట కూర్చుని వాయించండి. పట్టీ మార్చండి. పాటకీ పాటకీ మధ్య గిటారు దించండి. అప్పటికీ తగ్గకపోతే, తేలికది ఎరువు తెచ్చుకుని నెల్లాళ్లు చూసి, ఆ తరవాతే బేరం పెట్టండి. లెస్ పాల్ గారు 90 దాటినా న్యూయార్కులో కచేరీలు చేస్తూ 2009లో 94 ఏళ్ల వయసులో పోయారు. మనకూ అంతకాలం వాయించాలని వుంటే ముందు కాపాడుకోవలసింది నడుమునే.