వైరు కాడ పిసినారితనం ఎందుకు?

ఇబ్రహీంపట్నం దిక్కు రైతన్నలారా, ఈ మాట మీకే. వెల్డింగ్ మిషన్‌కు వేలు పెడ్తరు, దానికి కరెంటు తెచ్చే వైరు కాడ మాత్రం వందలు లెక్కవెడ్తరు. ఇంట్ల పడి ఉన్న 1 ఎంఎం రెండు తీగల వైరుకు అతుకులేసి, దొడ్డి దాక గుంజి కల్టివేటర్‌కు వెల్డింగ్ పెడ్తరు. అడిగితే "గింత పనికి ఏమైతది?" అంటరు.

లెక్క చూడున్రి. మిషన్ 20 ఆంపులు గుంజితే, 30 మీటర్ల 1 ఎంఎం రాగి వైరుల దాదాపు 22 వోల్టులు దారిలనే పోతయి. అదంతా వేడే. వైరు చుట్ట విప్పకుంటే ఆ వేడి బయటికి పోక, తొడుగు కరుగుతది. అదే 4 ఎంఎం అయితే పోయేది 6 వోల్టుల లోపే.

రెండు తీగల వైరుల ఎర్త్ ఉండదు. మిషన్ బాడీకి కరెంటొస్తే, ముట్టినోని ఒంట్లకెళ్లే భూమిలకు పోతది. తడి నేల మీద చెప్పుల్లేకుండ తిరిగే పిల్లలు యాదికి రారా?

అతుకుల్లేని మూడు తీగల 4 ఎంఎం కేబుల్ కొనున్రి. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టియ్యున్రి. కదిలే సామాను అయితే దాన్నే మిషన్ కాడికి తెచ్చుకోండి, అది ఇంకా మేలు.

ఇయ్యాలనే పోయి మీ ప్లగ్గు చూడున్రి. ఎర్త్ పిన్ ఉన్నదా, విరగ్గొట్టిన్రా?