కూపు అంటే కొట్టడం ఒక్కటే కాదు

మన అనంతపురం పల్లెల్లో చెట్టును మాను అంటాం. దాన్ని పడేస్తే మాను కొట్టడం. అదే పనికి ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో ఇంకో మాట ఉంది: కూపు. వెదురు కూపు, కూపు కూలీ, కూపు కాంట్రాక్టరు అంటారక్కడ. వినడానికి తెలుగు మాటలాగే ఉంటుంది గానీ, అది ఫ్రెంచి మాట, ఇంగ్లీషు మీదుగా వచ్చింది. ఫ్రెంచిలో 'కూప్' అంటే నరుకుడు. బ్రిటిష్ హయాంలో ఇక్కడికి రావలసిన అటవీ అధికారులకు 1885 దాకా ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో చదువు చెప్పించేవారు.

అటవీ శాఖ వాడుకలో ఈ మాటకు ఒక లెక్క ఉంది. అడవిని భాగాలు చేసి ఏటా ఒక భాగమే కొట్టాలి. ఆ భాగమే కూపు. ముప్పై ఏళ్లకు చేతికొచ్చే చెట్టయితే ముప్పై కూపులు. ఆఖరిది కొట్టేసరికి మొదటిది మళ్లీ ఎదిగి ఉంటుంది. అంటే నరకడంతోపాటు పెరగనివ్వడం కూడా ఆ మాటలోనే ఉంది.

మన జిల్లాను బళ్లారి నుంచి వేరు చేసింది 1882లో. మద్రాసు అటవీ చట్టం కూడా ఆ ఏటిదే. అడవి సర్కారుదయ్యాక రైతుకు మిగిలింది గట్టు మీది వేప, కానుగ, చింత, తుమ్మ. వేరుశనగ ఎండిన ఏడు ఆదుకునేవి అవే. అయితే ఆ ఏడు వ్యాపారి వచ్చి, కంటితో చూసి గుత్తకు ధర చెబుతాడు. అప్పులవాడు గడపలో కూర్చుంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? మాన్లన్నీ ఒక్కసారే పోతాయి. తర్వాతి కరువుకు గట్టు బోడి.

పైగా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. కలప తరలించడానికి పర్మిట్ వేరు. ఇదంతా తెలియని రైతుతో 'ఆ తిరుగుడు నేను చూసుకుంటా' అని వ్యాపారి ధరలో కోత పెడతాడు.

అందుకే మనం అడగాల్సినవి రెండు. ఏ మానుకు అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో తెలుగులో రాసి ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అర్జీ పెట్టిన రైతుకు గడువులోగా జవాబివ్వాలి.

మనం చేయాల్సినవీ రెండున్నాయి. తూకమో చుట్టుకొలతో వేయకుండా మాను అమ్మొద్దు. గట్టు మాన్లను నాలుగైదు వంతులు చేసుకుని, ఎంత కష్టమొచ్చినా ఏడాదికి ఒక వంతే కొడదాం. వేప, కానుగ మోడు నుంచి మళ్లీ చిగురిస్తాయి. ఆ చిగురును మేకల నోటబడకుండా రెండేళ్లు కాపాడితే చాలు.