పై డివిజన్‌కి ఎక్కినాక

మా వరసలో చివరి గదిలో ముర్షిదాబాద్ కుర్రాళ్లు నలుగురు ఉంటారు. మన కటింగ్ సెక్షన్ వాళ్లే. అందులో పెద్దవాడికి కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్ అంటే ప్రాణం. తలుపు వెనకాల మేకుకి నలుపు తెలుపు జెండా వేలాడుతూ ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో ఆ క్లబ్బు ఐ లీగ్ గెలిచి, పైనున్న ఐఎస్ఎల్‌కి ఎక్కింది. ఆ రాత్రి వీడు వరసంతా ఇంటింటికీ రసగుల్లాలు పంచాడు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఆవిడ అందులో చెక్కలు పోసి పంపింది.

మరుసటి ఏడాది మార్చికల్లా వాడు సగమైపోయాడు. 24 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి 2. పదమూడు జట్లలో పదమూడో స్థానం. ఆ రెండు గెలుపుల్లో ఒకటి మన కంఠీరవ స్టేడియంలోనే, 2025 జనవరి 11న, బెంగళూరు ఎఫ్‌సీ మీద. చివర్లో ఒక ఫ్రీ కిక్ నేరుగా గోల్‌లోకి పోయింది. వాడికి ఆరోజు సెకండ్ షిఫ్టు. ఎవరినో మార్చుకోమని అడిగాడు, కుదరలేదు. సీజన్ మొత్తానికి కళ్లారా చూడాల్సిన ఆ ఒక్క ఆటా ఊళ్లోనే జరిగి, వాడికి దక్కకుండా పోయింది.

క్యాంటీన్లో మనవాళ్లు ఊరుకుంటారా? "పైకెందుకు ఎక్కార్రా, కిందే ఉంటే గెలుస్తూ ఉండేవాళ్లు కదా" అని రోజూ ఒకటే మాట. వాడు తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు. ఆ మాట నాకు కొత్త కాదు. పద్నాలుగేళ్ల కిందట ఇదే ఊళ్లో, మన హెచ్ఏఎల్ జట్టు గురించి విన్నాను.

ఇప్పటి పిల్లలకి తెలీదేమో, విమానాలు చేసే హెచ్ఏఎల్‌కి ఫుట్‌బాల్ జట్టు ఉండేది. 2010లో రెండో డివిజన్‌లో రెండో స్థానం సంపాదించి ఐ లీగ్‌కి ఎక్కింది. అప్పటికి దేశంలో అదే పెద్ద లీగ్. మా బావ మారతహళ్లిలో ఒక షెడ్డులో లేత్ మీద పనిచేసేవాడు. ఇద్దరం ఆదివారం సర్జాపురలో బస్సెక్కి, దొమ్మసంద్ర, అగర మీదుగా పోయి, ఇంకో బస్సు మారి, అశోక్‌నగర్ స్టేడియానికి చేరేవాళ్లం. వేరుశనగలు కొనుక్కుని మెట్ల మీద కూర్చునేవాళ్లం. గోవా, కోల్‌కతా జట్లలో నైజీరియా, బ్రెజిల్ వాళ్లు తాటిచెట్లలాగ నిలబడేవాళ్లు. మన జట్టులో అందరూ మన దేశం వాళ్లే, కంపెనీ ఉద్యోగస్తులతో నడిచే జట్టు. కార్నర్ పడితే మనవాళ్ల నెత్తి వాళ్ల భుజం దాకా వచ్చేది. అయినా ఆ మొదటి ఏడు నిలబడ్డారు. ఆ ఏడు కిందికి పోయిన రెండు జట్లలో ఒకటి జేసీటీ. మనలాంటి వాళ్లకి తెలియాల్సిన పేరు అది. పంజాబ్‌లో ఫగ్వారా బట్టల మిల్లు జట్టు. 1996-97లో మొట్టమొదటి జాతీయ లీగ్ గెలిచింది వాళ్లే, భూటియా అందులో ఆడేవాడు. కిందికి పడ్డాక 2011లో ఆ జట్టునే మూసేశారు. మిల్లు జట్టు పోయిందంటే, ఫగ్వారా ఎక్కడో తెలీని నాకు కూడా ఆ పూట అన్నం సయించలేదు.

రెండో ఏడు, 2011-12, మనవంతు. వారం వారం ఓటమే. మేం పోవడం మానలేదు గానీ మెట్ల మీద జనం పలచబడ్డారు. ఒకసారి పక్కాయన ఒక డిఫెండర్‌ని అమ్మనాబూతులు తిడుతుంటే బావ లేచి నిలబడ్డాడు. "ఏం స్వామీ, ఆయన రేపు పొద్దున్నే డ్యూటీకి పోవాల, నువ్వొచ్చి ఆ నల్లాయన్ని ఆపుతావా?" అన్నాడు. కొట్టుకునేదాకా పోయింది, నేనే లాక్కొచ్చాను. ఆఖరికి 14 జట్లలో అట్టడుగు. తిరుగు బస్సులో అగర దాకా మాట్లాడలేదు. అగర దాటినాక బావే అన్నాడు: "హెల్పర్‌ని మిషన్ మీద కూర్చోబెట్టి, జీతం హెల్పర్‌దే ఇస్తే ఎన్నాళ్లు కుడతాడ్రా?"

నాకు ఆ మాటే నిలిచిపోయింది. ఎక్కడం తప్పనేవాళ్లకి అదే మహమ్మడన్ కథ చెప్తాను. 1933లో కోల్‌కతా లీగ్‌లో రెండో డివిజన్ నుంచి పైకి ఎక్కింది. 1934లో, ఎక్కిన ఏడే, లీగ్ గెలిచింది. అంతకుముందు ఏ భారతీయ జట్టూ ఆ లీగ్ గెలవలేదు. ఆపైన వరసగా 1938 దాకా అదే గెలిచింది. దేశం నలుమూలల నుంచి ఆటగాళ్లని తెచ్చుకుని, వాళ్లని నిలబెట్టుకుంది కాబట్టి. అదే క్లబ్బులో 2025 జనవరిలో ఏం జరిగింది? జీతాలు బాకీ. ఆటగాళ్లు ప్రాక్టీసుకి రామని భీష్మించారు. కోచ్ నెల తిరక్కుండానే వదిలేసి పోయాడు. నెలాఖరున చేతిలో కాగితం పడకపోతే ఇల్లు ఎలా నడుస్తుందో మన వీధిలో ఎవరికి తెలీదు? మరి వాళ్లని మాత్రం కాళ్లు ఆడలేదని ఎలా ఎగతాళి చేస్తాం? ఇదే క్యాంటీన్లో చెప్పాను. కొందరు నవ్వారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఊరుకున్నారు, అది చాలు.

హెచ్ఏఎల్ పోయాక ఒక ఏడు ఆ పెద్ద లీగ్‌లో బెంగళూరు పేరే లేదు. 2013లో ఓఎన్‌జీసీ, ఎయిరిండియా జట్లు కూడా లైసెన్స్ నిబంధనలు తీర్చలేక తప్పుకున్నాయి. అదే ఏడు బెంగళూరు ఎఫ్‌సీ కొత్తగా వచ్చింది. మెట్లెక్కి కాదు, నేరుగా పై లీగ్‌లోకి. అదే అశోక్‌నగర్ స్టేడియంలో ఆడి, తొలి ఏడే లీగ్ గెలిచేసింది. బాగా ఆడారు, ఎవరూ కాదనలేరు. బావని ఒకసారి తీసుకెళ్లాను. పాత మెట్టు మీదే కూర్చున్నాడు. గోల్ పడితే చప్పట్లు కొట్టాడు. దిగి వస్తూ వేరుశనగ పొట్టు దులుపుకుంటూ, "మంచి టీమే. మన షిఫ్టోళ్లు మాత్రం ఎవరూ లేరు" అన్నాడు. మళ్లీ రాలేదు.

కుర్రాడి సంగతి చెప్పడం మరిచాను. అప్పటికి ఐఎస్ఎల్‌లో ఆఖరున వచ్చినా కిందికి దింపే పద్ధతి లేదు, అందుకని వాడి క్లబ్బు పైనే మిగిలింది. మొన్న జెండా ఉతికి తీగ మీద ఆరేశాడు. కంఠీరవకి మళ్లీ వాళ్ల జట్టు వస్తే ఆరోజు షిఫ్టు మార్చుకుంటావా మామా అని ఇప్పట్నుంచే నన్ను పట్టుకున్నాడు. సరేనన్నాను.